ఆ అరవైలో మా బాబు వాటా ఎంత?

ప్రజ్ఞా పరీక్షలు నిర్వహించే మనస్తత్వ నిపుణులకు, వైకల్య ధ్రువపత్రాలు జారీచేసే వైద్య మండళ్ల సభ్యులకు, రెండు తెలుగు రాష్ట్రాల దివ్యాంగుల సంక్షేమ, గిరిజన సంక్షేమ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను ఏజెన్సీ ప్రాంతంలో ఇరవై రెండేళ్లుగా ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. ఇప్పుడున్నది ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో గోండి మాట్లాడతారు, కొందరు కొలామీ. నా గోండి పిల్లల దగ్గర నేర్చుకున్నది. ఇప్పటికీ నేను నోరు విప్పితే ముందు వరసలో ఎవరో ఒకరు నవ్వుతారు.

మా పిల్లల తెలివిని కొలిచే ప్రజ్ఞా (ఐక్యూ) పరీక్షలు జరుగుతున్న తీరు మీద ఏడాదిలో రెండు వినతిపత్రాలు ఇచ్చాను, ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. చేతికి వచ్చిన జవాబు ఒక్కటే: దరఖాస్తును సంబంధిత విభాగానికి పంపామని. ఆ సంబంధిత విభాగం ఏదో ఆ కాగితంలో లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నిరుడు మా నాలుగో తరగతి పిల్లవాడిని ఒకడిని ప్రజ్ఞా పరీక్షకు తీసుకువెళ్లాను. పేరు రాయను, బాబు అంటాను. చదువులో వెనకబడ్డాడని, పిలిస్తే వెంటనే పలకడని తనిఖీకి వచ్చినవారు గుర్తించారు. ఫారం నింపింది నేనే. రెండు బస్సులు మారి వెళ్లాం. బాబు బస్సు ఎక్కడం అది మూడోసారో నాలుగోసారో, దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మా వంతు వచ్చేసరికి పగలు పన్నెండున్నర దాటింది, కడుపులో ఏమీ లేదు.

లోపల ముందు వివరాలు అడిగారు. ఊరు, తండ్రి పేరు, కులం. వాళ్ల నాన్న గట్టిగా "గోండు సార్" అన్నాడు. తలుపు దగ్గర వేచి ఉన్నవాళ్లు తిరిగి చూశారు. బాబు తల దించుకున్నాడు. పరీక్ష ఆ తర్వాత మొదలైంది.

పది చెక్క ముక్కలు, వాటికి సరిపోయే గుంటలున్న ఒక పలక. గుండ్రం, చదరం, నక్షత్రం, ఇలా. ఏ ముక్కను ఏ గుంటలో పెట్టాలో చూసి పెట్టేయాలి. మూడుసార్లు చేయిస్తారు, అన్నిటికంటే తక్కువ సమయం పట్టినదాన్ని లెక్కలోకి తీసుకుంటారు. బాబు ప్రతి ముక్కనూ చొక్కా అంచుతో తుడిచాడు. గుంటలోకి ఊదాడు. దుమ్ము పోయిందని చూసుకున్నాకే ముక్కను అందులో కూర్చోబెట్టాడు. ఒక్కటి కూడా తప్పు పెట్టలేదు. మూడుసార్లూ అలాగే తుడిచాడు. ఆ నిపుణురాలు చిన్న వయసు అమ్మాయి, ఎక్కడా విసుక్కోలేదు, "తొందరగా పెట్టు నాన్నా" అని తెలుగులో రెండుసార్లు మెల్లగా చెప్పింది కూడా. కానీ ఆమె చేతిలోని గడియారానికి తుడవడం ఏమిటో తెలియదు. వాళ్ల నాన్న నాగలి కర్రుకు మన్ను అంటి ఉండగా గోడకు ఆనించిన కొడుకును తిట్టడం నేను కళ్లారా చూశాను.

తర్వాత మాటల పరీక్ష. అసలు ప్రశ్నలు బయటపెట్టకూడదన్నది మీ వృత్తి నియమం, దాన్ని గౌరవిస్తాను. పోలిక మార్చి చెబుతాను. గొడ్డలి, కొడవలి ఏ విధంగా ఒకటి అని అడిగారనుకోండి. వాడికి ప్రశ్న అర్థం కాలేదని నేను గోండిలో చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "ఒకటి కాదు. గొడ్డలి నాన్నది, కొడవలి అమ్మది" అన్నాడు. నేను తెలుగులోకి మార్చాను. ఆమె సున్నా వేసింది. రెండూ పనిముట్లే అనాలి. 1931, 32 సంవత్సరాల్లో అలెగ్జాండర్ లూరియా అనే సోవియట్ శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ రైతులకు సుత్తి, రంపం, దుంగ, గొడ్డలి చూపించి వీటిలో ఏది చేరదో చెప్పమన్నాడు. దుంగ లేకపోతే మిగతావాటితో ఏం పని, నాలుగూ కావాలి అన్నారు వాళ్లు. వస్తువులను పేర్ల గుంపులుగా విడగొట్టడం బడిలో అబ్బే అలవాటు అని ఆయన తేల్చాడు. బడికి వెళ్లినవాళ్లు అలా విడగొట్టగలిగారు. తొంభై ఏళ్లు గడిచాయి, మా బాబుకు ఇంకా సున్నాయే.

మూడో భాగం తండ్రిని అడిగేది. పిల్లవాడు రోజువారీ పనులు తానే చేసుకుంటాడా, ఊళ్లో ఒంటరిగా తిరుగుతాడా, ఫోనులో మాట్లాడతాడా అంటూ సాగే సామాజిక పరిపక్వత మాపని. దీని మూలం 1935లో అమెరికాలో ఎడ్గర్ డాల్ తయారుచేసినది. తండ్రి నిజాయతీగా జవాబు చెప్పాడు: ఫోను లేదు, పట్నం తెలియదు, డబ్బు వాడి చేతికి ఇవ్వం. సెలవుల్లో బాబు ఇరవైకి పైగా పశువులను అడవికి తోలుకుపోతాడు. మెడలో కర్ర గంటల చప్పుడు విని ఏ ఆవు ఎటు పోయిందో చూడకుండానే చెబుతాడు. చీకటిపడేలోగా లెక్క తప్పకుండా తోలుకొస్తాడు. ఆ కాగితంలో దీనికి గడి లేదు. తండ్రి చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. నేనూ చెప్పలేదు. అది నా తప్పు.

మూడు వారాలకు నివేదిక వచ్చింది. మానసిక వయసు 6 సంవత్సరాలు. శారీరక వయసు 10 సంవత్సరాలు. ప్రజ్ఞాలబ్ధి 60. స్వల్ప మేధో వైకల్యం.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు ఇది రెండు మార్కుల ప్రశ్న. మానసిక వయసును, అంటే పరీక్షలో ఏ ఈడు పిల్లలతో సమానంగా చేశాడో ఆ వయసును, శారీరక వయసుతో భాగించి వందతో గుణించాలి. ఎప్పుడూ తప్పు చేయలేదు. ఈసారి మాత్రం ఆ లెక్క చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే కింద ఉన్న ఆ పది, నేను రాసినదే.

బాబుకు జనన ధ్రువపత్రం లేదు. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ పిల్లవాడినీ చేర్చుకోకుండా ఉండరాదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతుంది, మంచి మాట. మరి రిజిస్టరులో తేదీ గడి ఖాళీగా ఉండకూడదు కదా. కాబట్టి మేం రాస్తాం. పిల్లవాడిని చూసి, ఏ తరగతిలో చేర్చుకుంటున్నామో దానికి సరిపోయే వయసు లెక్కగట్టి, ఏదో ఒక జూన్ తేదీ వేస్తాం. మా రిజిస్టరు తెరిస్తే జూన్‌లో పుట్టినవాళ్లే సగానికి పైగా ఉంటారు. బాబును మూడో తరగతిలో చేర్చుకున్నప్పుడు తొమ్మిదేళ్లని రాశాను. నివేదిక వచ్చాక వాళ్ల అమ్మను అడిగాను. వాగు పొంగి వంతెన కొట్టుకుపోయిన ఏడాది, పత్తి తీసే రోజుల్లో పుట్టాడంది. వంతెన ఎప్పుడు పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. దాని ప్రకారం పరీక్ష రోజున వాడి వయసు ఎనిమిదిన్నర.

ఆరును పదితో భాగిస్తే 60. ఆరును ఎనిమిదిన్నరతో భాగిస్తే 70కి పైన. మేధో వైకల్యం ఉందో లేదో తేల్చే మీ గీత 70 దగ్గర ఉంది. ఒక ఉపాధ్యాయుడు జూన్ నెలలో కలం పట్టుకుని వేసిన ఉజ్జాయింపు ఒక పిల్లవాడిని ఆ గీతకు కింద పడేసింది. ఆ ఉపాధ్యాయుడిని నేనే.

పైనున్న ఆరు సంగతి వేరే చెప్పాలి. అది వాడి భాష కాని భాషలో, పేగులు అరుస్తుండగా, నా వచ్చీరాని గోండి మధ్యలో దూరగా తేలిన ఆరు. దుభాషిగా నాకు శిక్షణ లేదు. ఎక్కడ సాయం చేశానో, ఎక్కడ ప్రశ్నను పాడుచేశానో నాకే తెలియదు. పైన ఉన్నది అలాంటిది, కింద ఉన్నది నా ఊహ. రెంటినీ భాగిస్తే వచ్చినదాన్ని మీరు బాబు తెలివి అని ముద్ర వేసి ఇచ్చారు.

పరీక్షలు కనిపెట్టినవారి ఉద్దేశం ఇది కాదని మీకు నాకంటే బాగా తెలుసు. 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సైమన్‌తో కలిసి పారిస్‌లో తొలి మాపని చేసింది, బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో కనిపెట్టడానికి. తెలివి పుట్టుకతో వచ్చిన మార్చలేని మొత్తం అనేవారిని బినే 1909లోనే ఖండించాడు. 1911లో ఆయన పోయాడు. మరుసటి ఏడాదే జర్మన్ మనస్తత్వవేత్త విలియం స్టెర్న్ ఈ భాగహారం ముందుకు తెచ్చాడు. 1916లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ బినే పరీక్షను అమెరికాకు మలిచాడు. మరుసటి ఏడాది మొదలై మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేలోగా సుమారు 17 లక్షల మంది అమెరికా సైనికులకు పరీక్షలు పెట్టారు. అందులో ఒక ప్రశ్న: క్రిస్కో అంటే మందా, క్రిమిసంహారిణా, టూత్‌పేస్టా, తినే పదార్థమా? అది అక్కడ అమ్మే ఒక వనస్పతి సరుకు పేరు. ఓడ దిగి నిండా ఏడాది కాని వలస కూలీకి అది తెలియకపోతే బుద్ధి తక్కువ. ఆ మార్కులను పట్టుకుని 1923లో కార్ల్ బ్రిగమ్ ఏ దేశాల వాళ్లు తెలివి తక్కువవారో పుస్తకం రాశాడు. 1924లో దేశాలవారీ కోటాలతో వలసల చట్టం వచ్చింది. 1930లో బ్రిగమ్ తన పోలికలకు పునాది లేదని తానే ఒప్పుకున్నాడు. ఆ కోటాలు మాత్రం 1965 దాకా ఉన్నాయి. తప్పు ఒప్పుకోవడానికి ఏడేళ్లు చాలింది, ఆ కోటాలు తుడవడానికి నలభై ఏళ్లు పట్టింది.

మన దగ్గరికి వస్తే, బినే పరీక్షను వి.వి. కామత్ 1930లలో బొంబాయి కర్ణాటక ప్రాంతంలో కన్నడ, మరాఠీ పిల్లలకు సరిపోయేలా దిద్దారు. 1949 నాటి అమెరికా వెక్స్‌లర్ పిల్లల ప్రజ్ఞా పరీక్షను నాగపూర్‌లో డాక్టర్ మాలిన్ 1969లో భారతీయం చేశారు. ఆ రోజుల్లో అవి గొప్ప పనులే. వారిని తప్పుపట్టడానికి నేనెవరిని? కానీ మా సంతలో ఉల్లిపాయలు తూచే కాటాకు కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, గడువు దాటితే జరిమానా. పిల్లవాడి బుద్ధిని తూచే కాటాకు చివరిసారి ముద్ర పడి ఎన్నాళ్లయిందో అడిగేవాడు లేడు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెబుతాను.

1. బడి పోతుంది. నివేదికలో ప్రత్యేక పాఠశాలకు పంపాలని సూచన ఉంది. మాకు దగ్గరలో ఉన్న ప్రత్యేక పాఠశాల తొంభై కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడ గోండి వచ్చినవారు ఒక్కరూ లేరు. వికలాంగుల హక్కుల చట్టం, 2016, 31వ సెక్షన్ ప్రకారం దగ్గరి బడిలో ఉండాలా, ప్రత్యేక బడికి వెళ్లాలా అన్నది పిల్లల వైపువారి ఇష్టం. ఆ సంగతి తండ్రికి ఎవరూ చెప్పలేదు. నేను చెబితే, "కాగితంలో రాశారు కదా సార్" అన్నాడు. కాగితంలో రాసినదానికి మా ఊళ్లో ఎదురులేదు.

ఇలాంటిది ఎక్కడికి పోతుందో తెలియాలంటే కాలిఫోర్నియా చూడాలి. అక్కడ 1970లలో బడి పిల్లల్లో నల్లజాతివారు 10 శాతం, మందబుద్ధుల తరగతుల్లో 25 శాతం. కొందరు తల్లిదండ్రులు 1971లో కోర్టుకెక్కారు. ఆ విచారణలో బాగా చర్చకు వచ్చిన ప్రశ్న ఒకటుంది: నీకంటే చాలా చిన్నవాడు నీతో కొట్లాటకు దిగితే ఏం చేయాలి? తిరిగి కొట్టకూడదన్నది సరైన జవాబు. తమ వీధిలో దెబ్బకు దెబ్బ కొట్టకపోతే బతకలేని పిల్లవాడు నిజం చెబితే మార్కు పోతుంది. నల్లజాతి పిల్లలను ఆ తరగతుల్లో వేయడానికి ఐక్యూ పరీక్షలు వాడరాదని 1979లో జడ్జి రాబర్ట్ పెకమ్ తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాది ఇల్లినాయిలో ఇంకో జడ్జి అలాంటి కేసులోనే దాదాపు ఎదురు తీర్పు ఇచ్చారు, ఆ సంగతి దాచను. కోర్టుల మధ్యే తేలని విషయాన్ని మన మండళ్లు అరగంటలో తేల్చేస్తున్నాయి.

2. ఇదే కాటా రెండోవైపు కూడా మొగ్గుతుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. నా సహోద్యోగి కూతురికి పదకొండేళ్లు. పట్నంలో పెరిగింది, తెలుగు ఇల్లు, టీవీ, ఫోను, ట్యూషను అన్నీ ఉన్నాయి. పాపకు నిజంగా సాయం కావాలి. బజారులో చిల్లర లెక్క రాదు, జడ తానే వేసుకోలేదు, ఒక్కతే వీధి దాటలేదు. పరీక్షలో 73 వచ్చింది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో 70 నుంచి 84 దాకా స్కోరుకు వైకల్యం 25 శాతమేనని ఉండేది. పథకాలకు కావలసినది 40 శాతం. కాబట్టి ధ్రువపత్రం లేదు, పింఛను లేదు. ఇప్పుడు ఇది చూడండి. పాత ప్రమాణాలతో కొత్త తరాన్ని కొలిస్తే మార్కులు ఉబ్బుతాయని జేమ్స్ ఫ్లిన్ 1980లలో పలు దేశాల లెక్కలతో చూపించాడు. చాలాచోట్ల పదేళ్లకు సుమారు 3 పాయింట్లు. నెదర్లాండ్స్ సైన్యంలో చేరే యువకుల మార్కులు 1952 నుంచి 1982 లోపు 20 పాయింట్లు పెరిగాయి. ఆ పెరుగుదల వచ్చింది బొమ్మల పరీక్షలో, భాష అవసరం లేదు కాబట్టి సంస్కృతి అంటదని మనం నమ్మే రకంలో! తాతల కంటే మనవలు అంత తెలివిగా పుట్టారని ఎవరూ అనరు. బడి, బొమ్మలు, లోకం మారాయి. మరి యాభై, ఎనభై ఏళ్లు దాటిన ప్రమాణంతో కొలిస్తే పట్నపు పాపకు వచ్చిన 73లో ఆమెవి ఎన్ని, ఏళ్లు కలిపినవి ఎన్ని? అడవి పిల్లవాడిని కిందికి తోసి, పట్నపు పిల్లను పైకి లేపి, ఇద్దరికీ అన్యాయం చేసే తక్కెడ ఇది.

3. పేదవాడికి తప్పుడు బేరం ఎదురవుతుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6,000. బాబు తండ్రికి పత్తి మీద ఏడాదికి మిగిలేదెంతో నాకు తెలుసు. నివేదిక చదివి వినిపించిన రోజు ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు: "ఈ కాగితం ఉంచుకుంటే డబ్బు వస్తుంది. తీసేయిస్తే చదువు వస్తుందా సార్?" ఏం చెప్పను? వస్తుందని మాట ఇచ్చే ధైర్యం నాకు లేకపోయింది.

4. తూకం వేసే తీరే తూకాన్ని మారుస్తుంది. ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు 6, 7 తరగతుల బాలురతో, అగ్రకులాల నుంచి 321 మంది, అణగారిన కులాల నుంచి 321 మందితో, కాగితం మీద చిక్కుదారి ఆటలు ఆడించారు. కులం ఊసెత్తనప్పుడు రెండు గుంపులూ ఇంచుమించు సమానం. అందరి ముందూ పేరూ కులమూ చదివి వినిపించాక అణగారిన కులాల పిల్లల ఫలితం పడిపోయింది. 2006లో అచ్చయింది. మా బాబు తల దించుకున్నది ఎప్పుడో పైన రాశాను.

5. వచ్చిన విద్య లెక్కకు రాదు. బ్రెజిల్‌లోని రెసిఫే వీధుల్లో కొబ్బరికాయలు అమ్మే పిల్లలు బండి దగ్గర వేసిన లెక్కల్లో 98 శాతం ఒప్పు. అవే అంకెలు కాగితం మీద ఉత్త లెక్కలుగా ఇస్తే 37 శాతం. ఇది 1985 నాటి అధ్యయనం. కలకత్తా, ఢిల్లీ బజారుల్లో పనిచేసే పిల్లల మీద 2025లో అచ్చయిన పరిశోధనలోనూ అదే తేలింది. తిరగేస్తే, బడి పిల్లలు బజారు లెక్కలో తడబడ్డారు. జాంబియాలో రాబర్ట్ సెర్పెల్ ఇంకా ముచ్చటైన పని చేశాడు. ఒకే నమూనాను పెన్సిలుతో గీయమంటే ఇంగ్లండ్ పిల్లలు ముందు, తీగ వంచి చేయమంటే జాంబియా పిల్లలు ముందు, మట్టితో చేయమంటే ఇద్దరూ సమానం. అక్కడి పిల్లలు తీగతో బొమ్మ కార్లు చేసుకుని ఆడతారు మరి. మా పరీక్ష గదిలో పెన్సిలు ఉంది, చెక్క ఉంది. ఆవు మెడ గంట లేదు.

ఒక అభ్యంతరం ఎప్పుడూ వినిపిస్తుంది. ఏమన్నా అనండి, ఈ మార్కులు ఎక్కువ వచ్చినవాడు బడిలో బాగా చదువుతాడు కదా, పరీక్ష పనిచేస్తున్నట్లే కదా అని. నిజమే, కాదనను. బడీ పరీక్షా ఒకే ఇంటి పిల్లలు. బడి భాష, పరీక్ష భాష ఒకటి, బడి తొందర, పరీక్ష తొందర ఒకటి. కాబట్టి మా బాబు ఈ బడిలో వెనకబడతాడని పరీక్ష సరిగ్గానే చెప్పింది. దానికి మందు బడిలో గోండి మాట్లాడే మనిషిని పెట్టడమా, బాబు నుదుటి మీద అంకె రాయడమా? పరీక్ష మొదటి సంగతి చెప్పింది, మీరు రెండోది రాశారు.

పరీక్షలు ఎత్తేయమని నేను అడగడం లేదు. ఎత్తేస్తే సహోద్యోగి కూతురి లాంటి పిల్లలకు ఆ కాస్త ఆధారం కూడా పోతుంది, అంచనా పలుకుబడి ఉన్నవాడి చేతిలోకి పోతుంది. నేను అడుగుతున్నవి ఇవి.

1. ధ్రువపత్రం మీద మూడు వరుసలు కలపండి. పరీక్ష ఏ భాషలో జరిగింది, పిల్లల ఇంటి భాష ఏది, దుభాషి ఎవరు. ఏ పరీక్ష, దాని ప్రమాణాలు ఏ ఏడాదివి, ఏ పిల్లల మీద కట్టినవి. మూడోది, ఒక్క అంకె కాకుండా దాని హెచ్చుతగ్గుల పరిధి. మేధో వైకల్యం ఉంటే తప్పే మరణశిక్షను, ఐక్యూ 70కి ఒక్క పాయింటు పైన ఉందని ఒక మనిషికి అమలు చేయబోతే, ఏ మార్కుకైనా పొరపాటు పరిధి ఉంటుందని, దాన్ని పట్టించుకోకుండా గీత గీయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2014లో హాల్ కేసులో చెప్పింది. మరణశిక్షకు వర్తించిన న్యాయం పింఛనుకు వర్తించదా? దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు, ఫారం మళ్లీ అచ్చు వేయిస్తే చాలు. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది ఈ ఏడాదే చేయవచ్చు.

2. జనన ధ్రువపత్రం లేని పిల్లలకు బడి రిజిస్టరు తేదీతో భాగహారం చేయకండి. తల్లిని అడగండి, డాక్టరు అంచనా తీసుకోండి, రెండూ కుదరకపోతే ప్రజ్ఞాలబ్ధి గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడి అబద్ధం చెప్పదు. మా ఉపాధ్యాయులం జూన్ తేదీలు వేసినచోట ఉజ్జాయింపు అని పక్కన రాసే వీలు రిజిస్టరులో కల్పించండి.

3. గోండి, కోయ, కొలామీ, సవర, కువి, లంబాడీ మాట్లాడే పిల్లలకు వారి భాషలో పరీక్షించే మనిషిని పెట్టండి, శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి. మాలాంటి ఉపాధ్యాయులను అప్పటికప్పుడు దుభాషులను చేయకండి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవారు దేశంలో 29 లక్షలకు పైనే, ఇదేమీ నలుగురి భాష కాదు. ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయి దగ్గర 1940లలోనే మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టించి, గోండిలో వాచకాలు వేయించాడు. నిజాం కాలంలో సాధ్యమైంది ఇప్పుడు ఎందుకు కాదో చెప్పండి. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాదులోనే ఉంది. ఈ భాషల పిల్లల మీద కొత్త ప్రమాణాలు కట్టే పనికి రెండు ప్రభుత్వాలూ కలిసి ఆ సంస్థను నిధులతో అడగాలి.

4. కులం, తెగ వివరాలు పరీక్ష అయ్యాక, తలుపు వేసి రాసుకోండి. చెవి, కన్ను ముందు చూపించండి. పిలిస్తే పలకడన్న పిల్లవాడి చెవి చూడకుండా బుద్ధి చూడడం ఏ శాస్త్రం? దూరం నుంచి వచ్చిన పిల్లలకు అన్నం పెట్టండి. తొందరగా చేయాలన్న నియమం ఆటలాగా రెండు మూడుసార్లు చేయించి అలవాటయ్యాకే గడియారం తీయండి.

5. సామాజిక పరిపక్వత ప్రశ్నలను ఆయా ప్రాంతాల తల్లులతో కూర్చుని తిరగరాయండి. పశువులు, వాగు, అడవి, చంటిబిడ్డ, సంత. ఆ ఈడు పిల్లలు ఏం చేయగలరో ఆ ఊరివారికి తెలుసు. చట్టం కూడా మేధో వైకల్యమంటే తెలివి ఒక్కటే కాదు, రోజువారీ బతుకులో మెలగడం కూడా అంటుంది. ఏ బతుకులో అన్నది మీ ఫారం చెప్పాలి.

6. ఎవరు కోరినా ఆరు నెలల్లో ఉచితంగా మళ్లీ పరీక్ష. అది తేలేదాకా ఉన్న బడి నుంచి పంపకూడదు, వస్తున్న పింఛను ఆపకూడదు. రెండోది ముఖ్యం. ఈ లేఖను సాకుగా చూపి ఏ పిల్లవాడి పింఛనునైనా తగ్గిస్తే, ఆ పాపం నా లేఖది కాదని ముందే చెబుతున్నాను.

ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. సంబంధిత విభాగానికి పంపామని కాక, ఆ విభాగం నుంచే రావాలి.

బాబు ఇప్పుడు ఐదో తరగతి. పంపలేదు, మా బడిలోనే ఉన్నాడు. కుడి చెవి కారుతోందని ఈ మధ్యే తేలింది, మందు వాడుతున్నాం. పిలిస్తే ఇప్పుడు రెండోసారికి పలుకుతున్నాడు.

ఇట్లు,
ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు

జతపరచినవి: రెండు వినతిపత్రాల నకళ్లు, సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబు, పుట్టిన తేదీ సవరణ కోసం బాబు తల్లి వేలిముద్రతో ఇచ్చిన దరఖాస్తుకు రసీదు.